గడియారపు ధర్మము

చదరంగపు బల్లపై ఇరువురకును పదునాఱేసి కాయలే. గడులు అరువదినాలుగే. రాజునకు రాజు సాటి, బంటునకు బంటు సాటి. ధనవంతుని బిడ్డకు అదనముగ నొక గుఱ్ఱము లేదు. పేదవాని బిడ్డకు తఱిగిన యేనుగు లేదు. ఇంతటి సమత్వము గల ఆట లోకమున అరుదు. అయినను బల్లప్రక్కన నుండు చిన్న యంత్రము సరిగా లేనిచో ఈ సమత్వమంతయు ఒక్క నిమిషములో నీరగును. ఆ యంత్రము గడియారము. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయ దలంచితిమి.

ఇది తీరికగలవారి వినోదమునకు సంబంధించిన స్వల్పవిషయమని కొందఱనవచ్చును. మేమట్లు తలంపము. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతులకు తూకమనగా నేమో ఒకరు చెప్పనక్కఱలేదు. ఏడాది పొడవునను చెమటోడ్చి పండించిన ప్రత్తియు మిరపయు కాటాయొద్దకు వచ్చినప్పుడు, పంట యెంత మేలైనదైనను కాటా తప్పెనా, శ్రమఫలము తప్పినట్లే. చదరంగపు పందెములలో గడియారము కాటావంటిది. పంటను పెంచుటకు గురువులు గలరు, గ్రంథములు గలవు. త్రాసును సరిచూచువారే కొఱవడి యున్నారు.

ఈ రెండు పట్టణములును 2022 ఏప్రిల్ నెలవఱకు కృష్ణాజిల్లా మెట్టసీమలోనివి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. జిల్లాల యెల్లలు మాఱినను కృష్ణాతీరపు చదరంగకీర్తి మాఱలేదు. 1987లో గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపి పదునైదేండ్ల ప్రాయముననే, 2002లో, గ్రాండ్‌మాస్టరు బిరుదమును బడసిరి. 2019లో మాస్కో నగరమునను, మఱల 2024లో న్యూయార్కు నగరమునను మహిళల ప్రపంచ రాపిడ్ విజేతలైరి. ఏటి కావల గుంటూరున జన్మించిన శ్రీ పెంటేల హరికృష్ణయు, శ్రీమతి ద్రోణవల్లి హారికయు, ఓరుగల్లు యువకుడు శ్రీ అర్జున్ ఎరిగైసియు 2024లో బుడాపెస్టు ఒలింపియాడున బంగారుపతకములు గెలిచిన భారతజట్లలోనివారు. ఇట్టి కీర్తిని గాంచి, నేడు మన పల్లెలలోని తల్లిదండ్రులును బిడ్డలను పందెములకు గొనిపోవుచున్నారు. ఆ బిడ్డలలో పెక్కుమంది మొట్టమొదట ఆడునది దినముల తరబడి సాగు పెద్దపందెము గాదు. ఒక్క ఆదివారమున తెల్లవాఱి మొదలై సాయంకాలమునకు ముగియు వేగపు పందెము. అందు విజయమున కెంత బుద్ధి కారణమో, గడియారమును అంత కారణము.

శ్రీమతి హంపి చరిత్రయే యిందుకు సాక్ష్యము. 2019లో మాస్కోయందు చైనా దేశీయురాలగు లెయ్ తింగ్‌జియెతో సమముగా నిలిచి, విజేతను నిర్ణయించు పోరున కూర్చుండినప్పుడు, మొదటి ఆటను ఆమె కోలుపోయినది కాలము చాలకయే. రెండవదానిని గెలిచి, తుది నిర్ణాయకమగు ఆటతో జగద్విజేతయైరి. 2025 జూలై నెలలో బటూమి నగరమున జరిగిన మహిళల ప్రపంచకప్పు తుదిపోరును రెండు పెద్ద ఆటలలో తేలక, రాపిడ్ ఆటలలోనే తేలినది. అందు గెలుపు నాగపురపు యువతి దివ్య దేశ్‌ముఖునకు దక్కెను. లోకమునందలి పెద్ద బిరుదములే తుదకు నిమిషములమీదను సెకండ్లమీదను నిలుచుచుండగా, మన బిడ్డల యాటలలో ఆ నిమిషములను ఎవరు, ఎట్లు, ఏ యంత్రముతో కొలుచుచున్నారని విచారింపకుండుట తగునా?

కాలమును కొలుచు విద్య మనకు క్రొత్తది గాదు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగునంతటి కాలమును ఘడియయని మన పూర్వులు లెక్కించిరి. భాస్కరాచార్యులు కూతురి పెండ్లిముహూర్తమునకు పెట్టిన గిన్నెలో ముత్యమొకటి జాఱిపడి రంధ్రమును మూసెననియు, ముహూర్తము తెలియకుండనే దాటిపోయెననియు కథ గలదు. కథ నిజమో కల్పనయో, నీతి మాత్రము నిజము. యంత్రము తప్పినచో విద్వాంసుని గణితమును వ్యర్థము.

మనవారి చదరంగమున మాత్రము గడియారము లేదు. కృష్ణరాయల యాస్థానమున బొడ్డుచర్ల తిమ్మన చదరంగమున ప్రభువునే గెలిచి, కొప్పోలు గ్రామమును బహుమానముగ బొందెనని ప్రతీతి. రాయలవారి కాలమున ఎత్తునకు ఇన్ని విఘడియలని నియమమున్నట్లు ఎవరును చెప్పలేదు. ఐరోపాలోను తొలుత ఇంతే. 1851లో లండనున జరిగిన మొదటి అంతర్జాతీయ పందెమున కాలనియమమే లేకుండెను. ఎదుటివాడు విసిగి వేసారునంతవఱకు ఆలోచించుటయు నొక యుపాయముగా పరిణమించెనని నాడే మొఱలు వినవచ్చినవి. అందుపై ఇసుకగడియారములు వచ్చినవి. 1861లో అండర్సన్, కోలిష్‌ల పోరున అవి వాడబడెను. 1883 నాటి లండను పందెమున మాంచెస్టరు నగరవాసియగు విల్సన్ కల్పించిన జంటగడియారము వచ్చెను. ఒకటి నడచునప్పుడు రెండవది నిలుచుట దాని గుణము. పిమ్మట ముల్లు పండ్రెండు చేరునప్పుడు లేచి పడిపోవు చిన్న జెండా చేరెను. "జెండా పడినది" అను మాట నేటికిని ఆటగాండ్ర నోట నిలిచియున్నది. మరగడియారము పోయి అంకెల గడియారము వచ్చినను మాట పోలేదు.

1988లో బాబీ ఫిషర్ క్రొత్త విధమగు గడియారమునకు అమెరికాలో పేటెంటు కోరి, మఱుసటి సంవత్సరమున పొందెను. ఆటగాడు ఎత్తు వేసి నొక్కిన ప్రతిసారియు అతని లెక్కకు కొన్ని సెకండ్లు చేరుట అందలి విశేషము. 1992లో స్పాస్కీతో ఆడిన పోరున ఫిషర్ దానినే వాడెను. నేడు లోకమంతటను దీనిని ఇంక్రిమెంటు అనుచున్నారు. మేము చేర్పు అందుము. పాత మరగడియారము ఈ పని చేయజాలదు. అంకెల గడియారము మాత్రమే చేయగలదు. ఉపకరణమునకును నియమమునకును ముడి యిచ్చటనే పడినది: యంత్రము లేనిదే మంచి నియమమును అమలుపఱచుట సాధ్యము గాదు.

ఇక నియమముల మాట. ఫిడే యనబడు ప్రపంచ చదరంగ సంఘము 1924లో పారిసున పుట్టినది. దాని శాసనముల ప్రకారము, ఆటగాని కిచ్చిన నిమిషములకు, అరువది ఎత్తులకు వచ్చు చేర్పును గలిపి చూడవలెను. ఆ మొత్తము పది నిమిషములకు మించి, అరువది నిమిషములకు లోబడినచో అది రాపిడ్; పదియు, అంతకు తక్కువయు నైనచో బ్లిట్జ్. ప్రపంచ రాపిడ్ పందెమున ఒక్కొక్కరికి 15 నిమిషములును ఎత్తునకు 10 సెకండ్ల చేర్పును గలవు. బ్లిట్జ్ పందెమున 3 నిమిషములును 2 సెకండ్ల చేర్పును గలవు.

మన చిన్న ఊళ్ళ పందెములలో తఱచుగా ఈ చేర్పు కానరాదు. ఇన్ని నిమిషములని యిచ్చి, అవి యైపోగానే ఆట యైపోయెననుటయే వాడుక. దీని ఫలమేమి? గెలువదగిన స్థితిలోనున్న బాలుడు చివరి నిమిషమున కాయలను జరుపు వేగము చాలక ఓడుచున్నాడు. ఓడదగినవాడు అర్థము లేని ఎత్తులు వేయుచు, గడియారమును బాదుచు, ఎదుటివాని సెకండ్లను తినుచు గెలుచుచున్నాడు. బుద్ధిపోరు చేతివాటుపోరగుచున్నది. పెద్దలకును ఈ దురవస్థ తప్పలేదు. 2008లో అమెరికాలోని టల్సా నగరమున ఆ దేశపు మహిళావిజేతను నిర్ణయించిన తుది ఆట చేర్పు లేని గడియారముతోనే జరిగెను. ఒకరి కాలము ముగియునప్పటికి రెండవవారికి మిగిలినది ఒక్క సెకండు. కాయలు దొరలుచు, ఎదుటివారి ఎత్తు ముగియునో లేదో తెలియకుండనే చేతులాడుచు సాగిన ఆ తుది ఘట్టమును గూర్చి పెద్ద వివాదము బయలుదేఱెను. తప్పెవరిదను విచారణ మాకక్కఱలేదు. ఎత్తునకు రెండు సెకండ్ల చేర్పున్నచో ఆ వివాదమున కవకాశమే స్వల్పమనుట మాత్రము స్పష్టము.

"చేర్పు నిచ్చినచో సాయంకాలమునకు పందెము ముగియదు" అని నిర్వాహకులు చెప్పుదురు. వారి కష్టమును మే మెఱుగుదుము. మందిరమును ఇచ్చినవారు తాళము వేయవలయునందురు. దూరపు పల్లెలవారికి బస్సు దాటిపోవును. అయినను లెక్క వేసి చూతము. చేర్పు లేకుండ ఒక్కొక్కరికి 25 నిమిషములిచ్చినచో ఇరువురి కాలమును గలిసి 50 నిమిషములు. 15 నిమిషములును 10 సెకండ్ల చేర్పును ఇచ్చినచో, అరువది ఎత్తుల యాటకు ఒక్కొక్కరికి వచ్చునది 15ను 10ని గలిసి 25 నిమిషములే. ఇరువురకును అదే 50. ఆట నూఱు ఎత్తులు సాగినచో మొత్తము 63 నిమిషములకు కొంచెము మించును. నూఱు ఎత్తుల యాటలు ఒక చుట్టులో ఎన్ని యుండును? అట్టి ఒకటి రెండు బల్లల కొఱకు పదుమూడు నిమిషములు వేచియుండుట, తక్కిన బిడ్డలకెల్లరకు న్యాయమును కలిగించుటకు చెల్లింపదగిన వెలయే. ఇంకను తొందర గలవారు 10 నిమిషములును 5 సెకండ్ల చేర్పును పెట్టుకొనవచ్చును. అరువది ఎత్తులకు ఇరువురి కాలము అరగంట.

మఱికొందఱు వేఱొక వాదమును దెత్తురు. "కాలమును పొదుపుగా వాడుకొనుటయు నేర్పే గదా, ఆలోచనలో మునిగి గడియారమును మఱచినవాడు ఓడుట న్యాయమే" అందురు. ఇందు కొంత సత్యము గలదు. నిదానమే ప్రధానమనియు, ఆలస్యమమృతము విషమనియు మనవారే చెప్పిరి. రెండును నిజములే. వాని నడుమ హద్దును గీయుటయే గడియారము పని. చేర్పు పెట్టినంతమాత్రమున ఆలసునకు శిక్ష తప్పదు. పది సెకండ్లతో ఊపిరి బిగబట్టి ఆడవలసినవాడు తఱచుగా ఓడియే తీఱును. ఐతే అతడు చదరంగమున ఓడును గాని చేతివేగమున ఓడడు. శిక్ష తప్పునకు తగియుండవలయుననుటయే మా కోరిక.

చేర్పు లేని యాటలకును ఫిడే కొంత రక్షణ నిచ్చినది. నిర్వాహకులు ముందుగా ప్రకటించియున్నచో, రాపిడ్ ఆటలో రెండు నిమిషములకు తక్కువ మిగిలినవాడు, తన వంతు వచ్చినప్పుడు, ఇరువురకును ఎత్తునకు ఐదు సెకండ్ల చేర్పును పెట్టుడని ఆర్బిటరును వేడవచ్చును. ఆ వేడుట సమముగా విడుత మనుటకు సమానము. బ్లిట్జ్ ఆటలకు ఈ రక్షణ లేదు. "ముందుగా ప్రకటించియున్నచో" అను మాటను నిర్వాహకులు మఱవరాదు. పందెపు ప్రకటనలో బహుమతుల మొత్తమును పెద్ద అక్షరములతో ముద్రించువారు, ఈ యొక్క పంక్తిని చిన్న అక్షరములతోనైనను ముద్రింపరాదా?

గడియారమును వాడు తీరును గూర్చియు శాసనములు స్పష్టముగా నున్నవి. ఏ చేతితో ఎత్తు వేసెనో ఆ చేతితోనే నొక్కవలయును. ఎత్తు వేయకమున్నే నొక్కరాదు. గడియారముపై వ్రేలు పెట్టి యుంచరాదు. దానిపై చేతిని ఆడింపరాదు. బాదరాదు, ఎత్తరాదు, పడద్రోయరాదు. కాయలను పడవేసినవాడు తన కాలములోనే వానిని సర్దవలయును. ఎత్తు వేయకుండ నొక్కుటయు, రెండు చేతులతో ఎత్తు వేసి నొక్కుటయు నియమవిరుద్ధమగు ఎత్తుతో సమానము. అట్టి తప్పు మొదటిసారి జరిగినచో ఎదుటివానికి రాపిడ్ ఆటలో రెండు నిమిషములు, బ్లిట్జ్ ఆటలో ఒక నిమిషము కలియును. రెండవసారి జరిగినచో ఆట పోవును. కాలము ముగిసినవాడు ఓడినట్లే. ఐతే ఎదుటివానికి ఏ విధమగు ఎత్తులచేతను ఆటకట్టు చేయుట కవకాశము లేనిచో, ఉదాహరణకు రాజొక్కడే మిగిలియున్నచో, ఆట సమమే గాని ఓటమి గాదు.

ఇవి ఎంతమంది బిడ్డలకు తెలియును? ఇచ్చటనే అసలైన అన్యాయము గలదు. ముగ్గురు జంటలకు ఒక ఆర్బిటరు చొప్పున నుండి, ఆట వ్రాయబడుచుండిననే రాపిడ్ ఆటలకు పెద్ద పందెముల నియమములు పూర్తిగా వర్తించును. చిన్న ఊళ్ళలో అంతమంది ఆర్బిటర్లు దొరకరు. అప్పుడు వర్తించునవి వేఱు నియమములు. ఎదుటివాడు నియమవిరుద్ధముగా ఎత్తు వేసినప్పుడు, ఆర్బిటరు కంట బడనిచో, బిడ్డయే తన మఱుసటి ఎత్తునకు ముందు ఫిర్యాదు చేయవలయును. చేయనిచో ఆ తప్పుడు ఎత్తే నిలుచును. ఎదుటివాని జెండా పడినప్పుడును, ఆర్బిటరు చూడనిచో, తానే గడియారమును ఆపి చెప్పవలయును.  ఇరువురి జెండాలును పడి, ఏది ముందు పడినదో తెలియనిచో, ఆట సమము. కావున నియమములు తెలిసినవాడు తెలియనివానిని ఓడించుచున్నాడు. నగరపు శిక్షణాలయములలో ఇవి నేర్పుదురు. మెట్టపల్లెనుండి తండ్రి వెంట తొలిసారి వచ్చిన బిడ్డకు ఎవరు నేర్పిరి? ఇంగ్లీషున ముద్రితమైన నియమావళి ఆ తండ్రి చేతికందినను ఏమి లాభము?

ఉపకరణముల స్థితియు ఇట్టిదే. ఆటగాండ్రే గడియారములు దెచ్చుకొనవలయునని నిర్వాహకులు ప్రకటించుట కలదు. మంచి అంకెల గడియారము వేలరూపాయల వస్తువు. అది లేని బల్లపై ఆట గడియారము లేకుండనే మొదలిడి, ఆలస్యమగుచున్నదని తోచినపిదప ఒక గడియారము దెచ్చి, ఇరువురకును సమానముగా కొన్ని నిమిషములు పెట్టి పొమ్మనుదురు. పైకి ఇది సమానముగానే కనబడును. వాస్తవమున, అంతవఱకు వేగముగా ఆడినవానికిని, ఒక్కొక్క ఎత్తునకు పది నిమిషములు తీసికొన్నవానికిని ఒకే కూలి గట్టినట్లగును. పొదుపరి కూడబెట్టినది పోయినది. దుబారా చేసినవాని ఋణము మాఫీ యైనది. చేతిఫోనులో గడియారపు యాప్ కలదు గదా యందురేమో. ఇంట అభ్యాసమునకు అది చాల మంచిది, ఖర్చు లేనిది. పందెపు మందిరమున మాత్రము ఆర్బిటరు అనుమతి లేని ఎలక్ట్రానిక్ పరికరములు నిషిద్ధములు. ఆ నిషేధమునకు మోసమును నివారించుట యను బలమైన కారణము గలదు.

కావున మేము చేయు సూచన యిది. జగ్గయ్యపేటయు నందిగామయు ఒకే జాతీయరహదారిపై నున్న పట్టణములు. రెంటికిని పురపాలక సంఘములు గలవు. చుట్టును పాఠశాలలు గలవు. జగ్గయ్యపేట ప్రక్కన సిమెంటు కర్మాగారములును గలవు. ఒక్కొక్కరు విడివిడిగా గడియారములు కొననక్కఱలేదు. రెండు పట్టణములకు ఉమ్మడిగా నలుబది గడియారములను కొని, ఒక గ్రంథాలయమునందో పాఠశాలయందో భద్రపఱచి, పందెము జరుగుచోటికి సంచిలో పంపవచ్చును. నలుబది గడియారములకు ఎనుబదిమంది బిడ్డలు ఒక్కసారి ఆడవచ్చును. పందెమునకు ముందునాడు వాని బ్యాటరీలను, కాలనిర్ణయమును పరీక్షించి, లోపమున్నవానిని తొలగించు బాధ్యత ఒకరికి ఒప్పగింపవలయును. పాఠశాలల వ్యాయామోపాధ్యాయులలో కొందఱికి ఆర్బిటరు శిక్షణ నిప్పింపవలయును. గడియారమును గూర్చిన నియమములను తేటతెలుగున ఒకే కాగితముపై ముద్రించి, ప్రవేశరుసుము చెల్లించిన ప్రతి బిడ్డ చేతను పెట్టి, మొదటి చుట్టునకు ముందు చదివి వినిపింపవలయును. చేర్పు లేని పందెమును బిడ్డలకు పెట్టబోమని నిర్వాహకులు ఒక కట్టుబాటు చేసికొనవలయును.

ఇందుకు గొప్ప నిధులు అక్కఱలేదు. ఒక పందెమునకు వేయు పందిరి, ఫ్లెక్సీలు, అతిథుల శాలువలు, మైకులు వీని వ్యయములో కొంత తగ్గించినచో గడియారములు వచ్చును. శాలువ ఒకనాటి ముచ్చట. గడియారము ఏండ్ల తరబడి వందల బిడ్డలకు న్యాయము చేయును. ప్రతి బిడ్డయు జగద్విజేత కానక్కఱలేదు, కాజాలదు. అయినను పోటీలో తనకు తూకము సరిగానే తూచిరను నమ్మికతో ఇంటికి మరలవలయును. గెలిచిన బిడ్డకు ఆ నమ్మిక యున్ననే గెలుపు గెలుపగును. ఓడిన బిడ్డకు అది యున్ననే మరల వచ్చు ఆదివారమున బల్లముందు కూర్చుండ మనసగును. పురపాలక సంఘముల పెద్దలును, పాఠశాలల యాజమాన్యములును, పందెముల నిర్వాహకులును ఈ సంగతిని తలకెత్తుకొందురని ఆశించుచున్నాము.